గుర్రాల పెంపకపు ఆటలలో వర్ణ జన్యుశాస్త్రం

గుర్రాల పెంపకపు ఆటలు కంప్యూటరుపై లేదా అంతర్జాలంలో ఆడే అనుకరణ క్రీడలలో ఒక తరగతి. ఆటగాడు ఊహాజనితమైన గుర్రాలను సేకరించి, వాటిని జతపరచి, పుట్టిన పిల్లలలో కోరుకున్న లక్షణాలు ఉన్నవాటిని తరువాతి తరానికి తల్లిదండ్రులుగా ఎంచుకోవడం ఈ ఆటల ముఖ్య లక్షణం. వేగం, ఓర్పు, దూకే శక్తి వంటి గుణాలు కూడా లెక్కలోకి వచ్చినప్పటికీ, ఆటగాళ్ళ శ్రద్ధ ఎక్కువగా గుర్రపు ఒంటి రంగుపైన, దానిమీద కనిపించే తెల్ల మచ్చలు, చుక్కలు, చారలపైన ఉంటుంది. గుర్తు ఎంత అరుదైనదైతే ఆ గుర్రానికి ఆటలో అంత విలువ.

ఈ ఆటలలో కొన్ని రంగులను పాచికలు వేసినట్లు పంచిపెడతాయి. మరికొన్ని నిజమైన గుర్రాల జన్యువులను దాదాపు యథాతథంగా అనుసరిస్తాయి. ఈ రెండవ రకం ఆటలు మెండెల్ సూత్రాలను అభ్యసించడానికి బాగా ఉపకరిస్తాయి. అయితే నిజమైన గుర్రాలలో అరుదైన రంగులను కలిగించే జన్యువులు రంగుతోనే ఆగిపోవు. వాటిలో కొన్ని కంటిచూపును, కొన్ని వినికిడిని దెబ్బతీస్తాయి. ఒక జన్యువు రెండు ప్రతులుగా చేరినప్పుడు పుట్టిన పిల్ల కొద్ది గంటలు, లేదా కొద్ది రోజులు మాత్రమే బతుకుతుంది. కాబట్టి ఆటలో నేర్చిన పాఠాన్ని గుర్రపుశాలకు తీసుకువెళ్ళేముందు, ఆట దేనిని అనుకరించింది, దేనిని వదలివేసింది అన్నది తెలిసి ఉండాలి.

చరిత్ర

తెరపై జంతువులను పెంచే ఆటలలో వారసత్వాన్ని లోతుగా అనుకరించిన తొలి ప్రయత్నాలలో 1996లో వెలువడిన క్రీచర్స్ ఒకటి. స్టీవ్ గ్రాండ్ రూపొందించిన ఈ ఆటలో నార్న్‌లు అనే కల్పిత జీవులకు తమవంటూ జన్యువులు ఉండేవి. తల్లి జన్యువులు, తండ్రి జన్యువులు కలిసి పిల్లలకు చేరేవి, మధ్యమధ్య ఉత్పరివర్తనాలు కూడా జరిగేవి. గుర్రాల ఆటల విషయానికి వస్తే, ఫ్రాన్సుకు చెందిన ఔలియాంట్ సంస్థ 2005లో ప్రారంభించిన ఈక్విడియో పేరుపొందింది. ఇతర దేశాలలో దీని పేరు హౌర్స్. ఆ సంస్థను 2011లో యూబీసాఫ్ట్ కొనుగోలు చేసింది. 2013 జూలైలో మైన్‌క్రాఫ్ట్‌లోకి గుర్రాలు ప్రవేశించడంతో, గుర్రాలను జతపరచే ఆట అంతకుముందు దాని ఊసే లేని పిల్లలకు కూడా పరిచయమైంది.

జన్యువులను నిజంగా అనుసరించే ఆటలు రావడానికి ప్రయోగశాలల్లో జరిగిన పని ముఖ్య కారణం. గుర్రాలలో ఎర్ర రంగును కలిగించే ఉత్పరివర్తనాన్ని 1996లో గుర్తించారు. అప్పటినుండి దాదాపు ప్రతి రంగుకూ కారణమైన జన్యువు ఒక్కొక్కటిగా బయటపడింది. ట్విలైట్ అనే థరోబ్రెడ్ జాతి ఆడగుర్రపు పూర్తి జన్యుక్రమం 2009లో సైన్స్ పత్రికలో ప్రచురితమైంది. ఆటను రూపొందించేవారికి కావలసిన పట్టిక అంతా ఈ విధంగా సిద్ధమైంది.

ఆటలలో వారసత్వపు లెక్క

మైన్‌క్రాఫ్ట్‌లోని పద్ధతి చాలా సరళమైనది. అందులో 7 ఒంటి రంగులు, గుర్తు లేకపోవడాన్ని కూడా కలుపుకొని 5 రకాల గుర్తులు, వెరసి 35 కలయికలు ఉన్నాయి. పిల్లకు తల్లి రంగు వచ్చే అవకాశం 9లో 4 వంతులు, తండ్రి రంగు వచ్చే అవకాశం మరో 4 వంతులు, మిగిలిన ఒక వంతులో ఏ రంగైనా రావచ్చు. గుర్తుల విషయంలో ఈ లెక్క 5లో 2, 2, 1గా ఉంటుంది. ఈ పద్ధతిలో రెండు నల్ల గుర్రాలకు నల్ల పిల్ల పుట్టే అవకాశం సుమారు 90 శాతం. ఇక్కడ జన్యువులు లేవు, కనిపించే రంగు మాత్రమే ఉన్నది. తాత రంగు మనుమడిలో తిరిగి కనిపించడానికి ఇందులో దారి లేదు. కనిపించినా అది కాకతాళీయమే.

జన్యువులను అనుసరించే ఆటలలో ప్రతి గుర్రానికీ కంటికి కనపడని ఒక పట్టిక ఉంటుంది. పట్టికలోని ప్రతి జన్యుస్థానంలో రెండు యుగ్మ వికల్పాలు నమోదై ఉంటాయి. జతపరచినప్పుడు కంప్యూటరు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి యాదృచ్ఛికంగా ఎన్నుకొని పిల్ల పట్టికను నింపుతుంది. ఆ తరువాత ఆ జన్యురూపాన్ని బట్టి దృశ్యరూపాన్ని, అనగా తెరమీది బొమ్మను, పొరలు పొరలుగా గీస్తుంది. ముందు మూలవర్ణం, దానిపై రంగును పలచబరచే పొర, చివరగా తెల్ల మచ్చలు. ఆటగాడికి బొమ్మ మాత్రమే కనిపిస్తుంది. పట్టికలో ఏమున్నదో ఊహించడమే ఆటలోని అసలు ఆనందం.

మూలవర్ణాలు

గుర్రపు ఒంటిలో ఉండే వర్ణకాలు రెండే రెండు. ఒకటి నలుపునిచ్చే యూమెలనిన్, రెండవది ఎరుపునిచ్చే ఫియోమెలనిన్. 3వ క్రోమోజోముపై ఉన్న ఎంసీ1ఆర్ అనే జన్యువు నలుపు తయారు కావాలా వద్దా అనేది నిర్ణయిస్తుంది. దీని అంతర్గత రూపం రెండు ప్రతులుగా ఉంటే నలుపు తయారు కాదు. అట్టి గుర్రం ఒళ్ళంతా ఎర్రగా ఉంటుంది. దీనిని చెస్ట్‌నట్ అంటారు. నలుపు తయారయ్యే గుర్రాలలో అది ఎక్కడ కనిపించాలో 22వ క్రోమోజోముపై ఉన్న ఏఎస్ఐపీ జన్యువు నిర్ణయిస్తుంది. ఇది సరిగా పనిచేస్తే నలుపు జూలుకు, తోకకు, కాళ్ళకు పరిమితమై ఒళ్ళు గోధుమవన్నెలో ఉంటుంది. ఇది బే రంగు. పనిచేయని ప్రతులు రెండూ చేరితే గుర్రం పూర్తిగా నల్లగా ఉంటుంది.

దీనినుండి ఆటగాళ్ళు మొదట నేర్చుకునే సూత్రం ఒకటి ఉన్నది. రెండు చెస్ట్‌నట్ గుర్రాలకు చెస్ట్‌నట్ పిల్ల తప్ప నలుపు గాని, బే గాని పుట్టదు. రెండు నల్ల గుర్రాలకు మాత్రం, అవి ఎర్ర ప్రతిని లోపల దాచుకొని ఉంటే, నాలుగింట ఒక వంతు అవకాశంతో చెస్ట్‌నట్ పిల్ల పుట్టవచ్చు.

రంగును పలచబరచే జన్యువులు

క్రీమ్ జన్యువు ఒక ప్రతిగా ఉన్నప్పుడు ఎరుపును బంగారు వన్నెగా మారుస్తుంది. చెస్ట్‌నట్‌పై ఇది పనిచేస్తే బంగారు ఒళ్ళు, తెల్లని జూలు గల పాలొమినో వస్తుంది. బేపై పనిచేస్తే బక్‌స్కిన్ వస్తుంది. రెండు ప్రతులు చేరితే ఒళ్ళంతా మీగడ వన్నెకు తిరిగి, కళ్ళు నీలంగా ఉంటాయి. రెండు పాలొమినోలను జతపరిస్తే పిల్లలలో సగం పాలొమినోలు, పావు వంతు చెస్ట్‌నట్‌లు, పావు వంతు మీగడవన్నె క్రెమెల్లోలు పుడతాయి. అంటే పాలొమినోను పాలొమినోతోనే జతపరచి స్థిరమైన వంశాన్ని సృష్టించడం సాధ్యం కాదు. ఒక చెస్ట్‌నట్‌ను, ఒక క్రెమెల్లోను జతపరిస్తే మాత్రం నూటికి నూరు పాలొమినోలే. ఆటలో ఈ రహస్యం తెలియడానికి కొందరికి నెలలు పట్టవచ్చు; కాగితంమీద గీసిన నాలుగు గళ్ళ పట్టిక అదే సంగతిని ఒక నిమిషంలో చెబుతుంది.

సిల్వర్ అనే మరొక జన్యువు నలుపుపై మాత్రమే పనిచేస్తుంది. నల్లని జూలును, తోకను వెండివన్నెకు మారుస్తుంది, ఒంటిని చాక్లెట్ రంగులోకి తెస్తుంది. పెంపకపు ఆటలలో దీనికి గిరాకీ ఎక్కువ. నిజమైన గుర్రాలలో ఇదే ఉత్పరివర్తనం పుట్టుకతో వచ్చే కంటి లోపాలతో ముడిపడి ఉన్నది. ఒక ప్రతి ఉన్న గుర్రాలలో కంటిలో నీటితిత్తులు కనిపించవచ్చు. రెండు ప్రతులున్నవాటిలో లోపాలు తీవ్రంగా ఉంటాయి. చెస్ట్‌నట్ గుర్రంలో నలుపు లేదు కనుక సిల్వర్ ఉన్నా పైకి తెలియదు. కంటి లోపం మాత్రం వస్తుంది.

బూడిదరంగు గుర్రాల కథ వేరు. ఇవి ఏదో ఒక రంగుతో పుట్టి, ఏళ్ళు గడిచే కొద్దీ నెరసి తెల్లబడతాయి. దీనికి కారణం ఎస్‌టీఎక్స్17 జన్యువులో 4,600 జతల క్షారాల ముక్క ఒకటి పునరావృతం కావడమని 2008లో కనుగొన్నారు. 15 ఏళ్ళు దాటిన బూడిదరంగు గుర్రాలలో 70 నుండి 80 శాతం వాటికి మెలనోమా కణుతులు వస్తాయి. ఆ ముక్క రెండుసార్లు ఉంటే గుర్రం నెమ్మదిగా నెరుస్తుందని, మూడుసార్లు ఉంటే త్వరగా నెరిసి పూర్తిగా తెల్లబడుతుందని 2024లో వెలువడిన పరిశోధన తెలిపింది. వియన్నాలోని స్పానిష్ అశ్వవిద్యాలయంలో ప్రదర్శనలిచ్చే లిపిజానర్ గుర్రాలు దాదాపు అన్నీ ఈ జన్యువు వల్లనే తెల్లగా కనిపిస్తాయి. అక్కడ ఒక్క బే గుర్రమైనా ఉండటం శుభమని సంప్రదాయం. ఆటలలో బూడిద జన్యువు అంటే ఆటగాళ్ళకు ఇష్టం ఉండదు. కారణం ఆరోగ్యం కాదు. తరాల తరబడి కష్టపడి సాధించిన అరుదైన రంగును అది కప్పివేస్తుంది.

తెల్ల మచ్చలు

నాలుగు కాళ్ళకు తెలుపు, ముఖాన తెల్లని బొట్టు లేదా పట్టీ ఉన్న గుర్రాన్ని తెలుగువారు పంచకళ్యాణి అంటారు. జానపద కథలలో రాకుమారుడు ఎక్కేది ఈ గుర్రాన్నే. 15వ శతాబ్దికి చెందిన మనుమంచి భట్టు హయలక్షణ విలాసము వంటి అశ్వశాస్త్ర గ్రంథాలలో గుర్రపు రంగులకు, గుర్తులకు, సుడులకు శుభాశుభ ఫలాలు చెప్పడం కనిపిస్తుంది. అయితే పంచకళ్యాణి అనే గుర్తుకు ఒకే ఒక్క జన్యువు లేదు. అనేక జన్యువుల ప్రభావంతోపాటు, పిండదశలో కణాల కదలికలోని యాదృచ్ఛికత కూడా దీనికి కారణం.

వర్ణకణాలు చర్మంలో పుట్టవు. పిండంలో వెన్నుపాము ఏర్పడే చోట పుట్టి, అక్కడనుండి వీపు మీదుగా పొట్టవైపుకు, కాళ్ళ చివరలకు, ముఖం ముందు భాగానికి ప్రయాణిస్తాయి. దూరంగా ఉన్న చోటికి అవి చేరకపోతే, లేదా చాలినన్ని చేరకపోతే, అక్కడి వెంట్రుకలు తెల్లగా మిగిలిపోతాయి. గుర్రాలకు నుదుట, మూతిపైన, గిట్టల దగ్గర ఎక్కువగా తెలుపు ఉండటానికి కారణం ఇదే. ఈ ప్రయాణం ఏ రెండు పిండాలలోనూ ఒకే తీరున సాగదు. ఒకే జన్యువులు గల క్లోన్ గుర్రాలలో కూడా తెల్ల గుర్తులు అచ్చు గుద్దినట్లు ఉండవు. ఆటలలో ప్రతి గుర్రానికీ ముందుగా గీసిపెట్టిన కొన్ని మచ్చల బొమ్మలలో ఒకదానిని అతికించడం పరిపాటి గనుక ఈ వైవిధ్యం తెరపై పూర్తిగా రాదు. చెస్ట్‌నట్ గుర్రాలకు బే గుర్రాలకన్నా తెల్ల గుర్తులు ఎక్కువగా ఉంటాయన్న సంగతిని అరబ్బీ గుర్రాలపై జరిపిన పరిశీలనలు వెల్లడించాయి. మూలవర్ణం, మచ్చలు ఒకదానితో ఒకటి సంబంధంలేని పొరలని భావించే ఆటకు ఇది కూడా అందదు.

పెద్ద మచ్చలలో ముఖ్యమైనది టొబియానో. ఇందులో తెలుపు వీపును అడ్డంగా దాటుతుంది, కాళ్ళు సాధారణంగా తెల్లగా, తల రంగుగా ఉంటాయి. 3వ క్రోమోజోములో కిట్ జన్యువుకు సమీపంలో ఒక పెద్ద భాగం తలక్రిందులు కావడం దీనికి కారణమని 2007లో తెలిసింది. రెండు టొబియానో ప్రతులున్న గుర్రం ఆరోగ్యంగా ఉంటుంది, దానికి పుట్టే ప్రతి పిల్లా టొబియానోయే అవుతుంది. కాబట్టి పెంపకందారు ఈ గుర్తును వంశంలో స్థిరపరచగలడు. ఆటగాడికి ఇది బాగా ఒంటబట్టే పాఠం. దానినే ఫ్రేమ్ అనే తరువాతి గుర్తుకు వర్తింపజేస్తే మాత్రం ప్రమాదం.

ఫ్రేమ్ ఓవెరో, ప్రాణాంతక శ్వేత లక్షణం

ఫ్రేమ్ ఓవెరో గుర్రానికి పక్కలపైన, మెడపైన అంచులు చీలినట్లున్న తెల్ల మచ్చలు ఉంటాయి. వీపు మీద తెలుపు దాటదు. పక్కనుంచి చూస్తే తెల్లని బొమ్మకు చుట్టూ రంగు చట్రం కట్టినట్లు కనిపిస్తుంది గనుక ఆ పేరు వచ్చింది. ముఖంపై తెలుపు విశాలంగా ఉంటుంది, కళ్ళు నీలంగా ఉండవచ్చు. అమెరికా పెయింట్ గుర్రాలలో ఈ గుర్తు ప్రసిద్ధం.

దీనికి కారణం 17వ క్రోమోజోముపై ఉన్న ఈడీఎన్‌ఆర్‌బీ అనే జన్యువులో వచ్చిన మార్పు. 118వ స్థానంలో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు లైసిన్ చేరుతుంది. ఈ సంగతిని 1998లో వేరువేరు పరిశోధక బృందాలు ప్రచురించాయి. ఈ జన్యువు తయారుచేసే గ్రాహకం, పైన చెప్పిన కణాల ప్రయాణానికి అవసరం. వెన్నుపాము దగ్గరనుండి బయలుదేరే కణాలన్నీ వర్ణకణాలు కావు. వాటిలో కొన్ని పేగుల గోడలలోకి చేరి, పేగులను కదిలించే నాడీకణాలుగా మారతాయి. ఫ్రేమ్ జన్యువు ఒక్క ప్రతిగా ఉన్నప్పుడు పేగులు మామూలుగానే ఉంటాయి, చర్మంలో మాత్రం కొన్ని చోట్ల వర్ణకణాలు లోపించి అందమైన మచ్చలు ఏర్పడతాయి. రెండు ప్రతులూ చేరినప్పుడు వర్ణకణాలు దాదాపు ఎక్కడికీ చేరవు, పేగు నాడులు కూడా ఏర్పడవు.

అట్టి పిల్ల పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా తెల్లగా, గులాబి చర్మంతో పుడుతుంది. మొదట ఏ లోపమూ ఉన్నట్లు కనిపించదు. లేచి నిలబడుతుంది, పాలు కుడుస్తుంది. తాగిన పాలు పేగులలో ముందుకు కదలవు. కొద్ది గంటలలోనే కడుపునొప్పి మొదలవుతుంది. దీనికి చికిత్స లేదు. నొప్పి భరించలేక కొద్ది రోజులలో చనిపోయే పిల్లను ముందుగానే నొప్పిలేని మరణానికి అప్పగించడం పశువైద్యుల ఆచారం. మనుషులలో ఇదే జన్యువులోని లోపాలు కొందరు శిశువులలో హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధికి కారణమవుతాయి. అక్కడ సాధారణంగా పేగులో కొంత భాగమే దెబ్బతింటుంది కనుక శస్త్రచికిత్సకు అవకాశం ఉన్నది.

తెల్లగా పుట్టిన ప్రతి పిల్లా ఈ రోగంతో పుట్టినదని అనుకోరాదు. రెండు ప్రతుల క్రీమ్ గల పిల్లలు, కిట్ జన్యువులోని మార్పుల వల్ల తెల్లగా పుట్టే పిల్లలు ఆరోగ్యంగా పెరుగుతాయి. కంటితో చూసి తేడా చెప్పడం కష్టం.

ఇక లెక్కను చూద్దాం. ఒక ప్రతి గల ఫ్రేమ్ గుర్రాలు రెండింటిని జతపరిస్తే పుట్టే 100 పిల్లలలో సగటున 25 మామూలు పిల్లలు, 50 ఫ్రేమ్ పిల్లలు, 25 చనిపోయే పిల్లలు. ఒక ఫ్రేమ్ గుర్రాన్ని మామూలు గుర్రంతో జతపరిస్తే పుట్టే 100 పిల్లలలో 50 మామూలువి, 50 ఫ్రేమ్‌వి. రెండు పద్ధతులలోనూ దక్కిన ఫ్రేమ్ పిల్లల సంఖ్య ఒక్కటే. రెండు ఫ్రేమ్ గుర్రాలను కలపడం వల్ల ఒక్క మచ్చల పిల్ల కూడా అదనంగా రాదు. బతికిన పిల్లలలో ఫ్రేమ్ వాటా సగం నుండి మూడింట రెండు వంతులకు పెరిగినట్లు మాత్రం కనిపిస్తుంది. ఆ పెరుగుదల చనిపోయిన పిల్లలను లెక్కనుండి తీసివేయడం వల్ల వచ్చినదే. ఫ్రేమ్ గుర్తును వంశంలో స్థిరపరచడం ఎన్నటికీ సాధ్యం కాదు, ఎందుకంటే రెండు ప్రతులున్న పెద్ద గుర్రమంటూ ఉండదు.

ఇక్కడే ఆట రూపకర్త ఒక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. రెండు ప్రతుల పిల్ల పుట్టి చనిపోయినట్లు చూపవచ్చు. గర్భం నిలవలేదని చెప్పి జతను వృథా చేయవచ్చు. అసలు ఆ జతనే అనుమతించకపోవచ్చు. లేదా ప్రాణాంతక లక్షణాన్ని తొలగించి, రెండు ప్రతుల గుర్రాన్ని మరింత తెల్లని గుర్రంగా చూపవచ్చు. చివరి పద్ధతి ఆడేవారికి హాయిగా ఉంటుంది గాని, అది నేర్పే విషయం పూర్తిగా తప్పు. గర్భం నిలవలేదని చూపే పద్ధతిలో లెక్క సరిగానే ఉంటుంది, పిల్ల పడే బాధ మాత్రం తెరమీదికి రాదు. చిన్నపిల్లలు ఆడే ఆటలో దానిని తప్పుపట్టలేము.

గుర్రం ఒంటిపై మచ్చలేమీ లేకపోయినా అది ఫ్రేమ్ జన్యువును మోస్తూ ఉండవచ్చు. ముఖంమీద కొద్దిపాటి తెలుపు తప్ప మరేమీ కనిపించని వాహకాలు ఉన్నాయి. అమెరికన్ క్వార్టర్ గుర్రాల సంఘం 2004 వరకు పరిమితికి మించి తెలుపున్న గుర్రాలను నమోదు చేసుకోలేదు. అయినా ఒకే రంగులో కనిపించే తల్లిదండ్రులకు మచ్చల పిల్లలు పుడుతూనే వచ్చాయి. కంటికి కనిపించేదానిని బట్టి ఏరివేసినా జన్యువు వంశాలలో మిగిలిపోగలదనడానికి ఇది ఉదాహరణ.

చిరుతచుక్కల గుర్రాలు

తెల్లని ఒంటిపై నల్లని లేదా ఎర్రని గుండ్రటి చుక్కలున్న గుర్రాలు అమెరికాలో అపలూసా, డెన్మార్కులో నాబ్‌స్ట్రప్పర్ జాతులలో ఎక్కువ. వీటికి మూలం టీఆర్‌పీఎం1 అనే జన్యువులోకి చొరబడిన ఒక ప్రాచీన వైరస్ ముక్క అని 2013లో తేలింది. ఈ గుర్తు మనిషి పెంపకంలో పుట్టినది కాదు. మచ్చికకు ముందు కాలపు గుర్రాల ఎముకలలో కూడా ఈ యుగ్మ వికల్పం ఉన్నట్లు 2011లో ప్రాచీన డీఎన్‌ఏ పరీక్షలు చూపాయి. ఫ్రాన్సులోని పెష్ మెర్ల్ గుహలో సుమారు 25,000 ఏళ్ళ క్రితం గీసిన చుక్కల గుర్రాలు ఊహాచిత్రాలా, చూసి గీసినవా అన్న చర్చకు ఈ ఫలితం కొత్త బలాన్నిచ్చింది.

ఒక ప్రతి ఉన్న గుర్రంపై చుక్కలు దట్టంగా ఉండవచ్చు. తెలుపు ఎంత వ్యాపిస్తుందనేది ఇతర జన్యువులపై కూడా ఆధారపడుతుంది. రెండు ప్రతులున్న గుర్రానికి చుక్కలు దాదాపు ఉండవు, ఒళ్ళు తెల్లగా ఉంటుంది. చూడటానికి అంత అందంగా లేకపోయినా పెంపకంలో దీనికి విలువ ఎక్కువ, ఎందుకంటే దానికి పుట్టే ప్రతి పిల్లకూ ఒక ప్రతి తప్పక చేరుతుంది. ఫ్రేమ్ విషయంలో రెండు ప్రతుల వల్ల లాభమే లేదు. ఇక్కడ లాభం ఉన్నది, దానికి వెలకూడా ఉన్నది. రెండు ప్రతుల గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి. టీఆర్‌పీఎం1 చర్మంలోనే గాక కంటి లోపల వెలుగును గ్రహించే పొరలో కూడా పనిచేస్తుంది. పగటివేళ ఆ గుర్రం మామూలుగానే నడుస్తుంది. చీకటి పడితే చూపు ఆనదు, బెదురుతుంది, కంచెలను గుద్దుకుంటుంది. ఆటలోని గుర్రానికి రాత్రి అనేది ఉండదు గనుక ఈ లోపం దానికి తెలియదు.

వారసత్వం లేని గుర్తులు

ఆటగాళ్ళు అన్నిటికన్నా మిన్నగా కోరే గుర్తులలో కొన్నింటికి నిజానికి వారసత్వమే లేదు. బ్రిండిల్, అనగా పులి ఒంటిమీద ఉన్నట్లు నిలువు చారలు, ఇందుకు మంచి ఉదాహరణ. ఇట్టి గుర్రాలలో కొన్ని కైమీరాలు. తల్లి గర్భంలో రెండు కవల పిండాలు మొదట్లోనే కలిసిపోయి ఒకే పిల్లగా పెరుగుతాయి. ఒంటిలో రెండు రకాల కణాలు ఉంటాయి, రెండు రంగులు చారలుగా పరచుకుంటాయి. అట్టి గుర్రాన్ని ఎన్నిసార్లు జతపరచినా చారలు పిల్లలకు రావు. ఒకే రంగు ఒంటిపై హఠాత్తుగా కనిపించే వేరే రంగు అతుకులు కూడా చాలావరకు చర్మకణాలలో మాత్రమే జరిగిన మార్పులు.

వారసత్వంగా వచ్చే బ్రిండిల్ ఒకటి ఒక క్వార్టర్ గుర్రాల కుటుంబంలో ఉన్నట్లు 2016లో ప్రకటించారు. దానికి కారణమైన ఎంబీటీపీఎస్2 జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నది. ఆడగుర్రంలోని ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి నిద్రాణమవుతుంది. ఏ కణంలో ఏది నిద్రపోయిందన్నదానిని బట్టి చారలు ఏర్పడతాయి. మగగుర్రానికి ఉన్నది ఒకే ఎక్స్ గనుక చారలు రావు, జూలు, తోక మాత్రం పలచగా ఉంటాయి. దీనిని సరిగా అనుకరించాలంటే ఆట లింగ సహలగ్నతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. బహుమతిగానో, వెయ్యింట ఒకసారి తగిలే లాటరీగానో బ్రిండిల్‌ను ఇచ్చే ఆట వాస్తవానికి దూరం కాదు. దానిని రెండవ తరానికి అందించే ఆట మాత్రం కైమీరా విషయంలో తప్పు చెబుతున్నట్లే.

సహలగ్నత, సంఖ్య, కాలం

ఆటలు సాధారణంగా ప్రతి జన్యువూ స్వతంత్రంగా సంక్రమిస్తుందని భావిస్తాయి. గుర్రానికి 32 జతల క్రోమోజోములు ఉన్నందున చాలా జన్యువుల విషయంలో ఇది నిజమే. అయితే ఎరుపు నలుపులను నిర్ణయించే ఎంసీ1ఆర్, మచ్చలకు సంబంధించిన కిట్ రెండూ 3వ క్రోమోజోముపైనే ఉన్నాయి. రంగు వెంట్రుకలతో తెల్ల వెంట్రుకలు కలిసి ఉండే రోన్ గుర్తు కూడా కిట్ ప్రాంతానికి చెందినదే. ఒక మగగుర్రానికి రోన్ జన్యువు, నలుపు ప్రతి రెండూ ఒకే క్రోమోజోముపై సంక్రమించి ఉంటే, చెస్ట్‌నట్ ఆడగుర్రాలతో దానికి పుట్టే రోన్ పిల్లలు ఎక్కువగా నలుపు ఆధారంగానే ఉంటాయి. ఎర్ర రోన్ పిల్ల ఎప్పుడో గాని పుట్టదు. ఆటలో అయితే నాలుగింట ఒకటి పుడుతుంది.

దీనికంటే పెద్ద తేడా కాలంలో ఉన్నది. ఆడగుర్రం సుమారు 340 రోజులు చూలు మోసి, సాధారణంగా ఒకే పిల్లను ఈనుతుంది. ఆటలో ఒక సాయంత్రం వంద జతలు కట్టించి సగటును కళ్ళారా చూడవచ్చు. నిజమైన పెంపకందారుకు సగటు ఎన్నడూ కనిపించదు. రెండు ఫ్రేమ్ గుర్రాలను నాలుగు సంవత్సరాలు వరుసగా జతపరచినవారిలో 32 శాతం మందికి ఒక్క తెల్లపిల్ల కూడా పుట్టకపోవచ్చు. తమ గుర్రాలకు ఆ లోపం లేదని వారు నిశ్చయించుకుంటారు. పది ఈతలదాకా కొనసాగిస్తే ఆ అదృష్టం ఆరు శాతం మందికి కూడా మిగలదు.

జన్యు పరీక్షలు

కొన్ని ఆటలలో ఆట నాణేలు చెల్లించి గుర్రపు జన్యుపట్టికను తెరిచి చూసే సౌకర్యం ఉన్నది. ఇది కల్పన కాదు. ఫ్రేమ్, సిల్వర్, చిరుతచుక్కలు, క్రీమ్, బూడిద మొదలైన వాటికి నిజమైన పరీక్షలు అందుబాటులో ఉన్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని పశువైద్య జన్యు ప్రయోగశాల ఇటువంటి పరీక్షలు చేసే సంస్థలలో ఒకటి. రక్తం తీయవలసిన అవసరం లేదు. జూలు నుండి గాని, తోక నుండి గాని కుదుళ్ళతో సహా పీకిన 20 నుండి 30 వెంట్రుకలు చాలు. కత్తిరించిన వెంట్రుకలు పనికిరావు, ఎందుకంటే పరీక్షకు కావలసిన కణాలు కుదుళ్ళలోనే ఉంటాయి.